తన్ను సృష్టించినదానితో వస్తువు మాట్లాడే తీరు
(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండిన తెలుగు మాధ్యమ పాఠశాల ప్రాంగణంలో, అందునా మహారాష్ట్ర సరిహద్దున, కంప్యూటరు ప్రోగ్రామింగును గురించి తెలుగులో మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. ఇట్టి సభలలో కంప్యూటరు మహిమను వర్ణించే ప్రసంగాలు మీరు చాలా విని ఉంటారు. నేడు ఆ మహిమ ప్రతి ఇంటా జేబులోనే ఉన్నది గనుక దానిని వర్ణించవలసిన అవసరం లేదు. అందుచేత మా వృత్తిలోని ఒక చిన్న ప్రశ్నను మాత్రమే ఎన్నుకొని, దానినే కొంత లోతుగా మీ ముందుంచుతాను. ఒక వస్తువు తన్ను సృష్టించిన వస్తువుతో ఎట్లా మాట్లాడాలి? ఇదీ ప్రశ్న. ప్రోగ్రాములు రాయడం నేర్చుకొనే ప్రతి యువకుడికీ మొదటి సంవత్సరంలోనే ఇది ఎదురవుతుంది. ఎదురైన వెంటనే తోచే సమాధానం చాలా సులభంగా ఉంటుంది. ఆ సులభమైన సమాధానం చాలా సందర్భాలలో తగనిది.

ముందుగా వస్తువు అంటే ఏమిటో చెప్పాలి. ఇటుకలు కోసేవారి వద్ద చెక్క అచ్చు ఉంటుంది. అచ్చు ఒక్కటే, దానితో కోసిన ఇటుకలు వేలు. అన్నిటిదీ ఒకే ఆకారం, అయినా ఏ ఇటుక స్థానం దానిదే. ఒకటి గోడ అడుగున ఉంటుంది, ఒకటి కమాను నెత్తిన ఉంటుంది. వస్తు ప్రధానమైన ప్రోగ్రామింగులో ఆ అచ్చును క్లాసు అంటారు. మన బడిలో క్లాసు అంటే పిల్లలు కూర్చునేది; మా దగ్గర క్లాసు అంటే పిల్లలను పుట్టించేది. ఆ అచ్చు నుండి పుట్టినదే ఆబ్జెక్టు, అనగా వస్తువు. ఇటుకకూ దీనికీ ఒక తేడా ఉన్నది. ఇటుక జడం. ప్రోగ్రాములోని వస్తువు తన సంగతులను తాను గుర్తుంచుకొంటుంది, తనకు నేర్పిన పనులు తాను చేస్తుంది, ఇతర వస్తువులు పంపిన సందేశాలకు బదులు చెబుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. సృష్టించినది అనగానే ప్రోగ్రాము రాసిన మనిషి అని శ్రోతలు అనుకొంటారు. కాదు. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఒక వస్తువు తన అవసరం కొద్దీ మరొక వస్తువును పుట్టిస్తుంది. పుట్టించిన దానిని కర్త అందాము. మా వృత్తిలో తల్లి వస్తువు, పిల్ల వస్తువు అనే వాడుక కూడా ఉన్నది. పిల్లను పుట్టించింది గనుక తల్లికి పిల్ల జాడ తెలుసు. పిలిచి పని చెప్పగలదు. పిల్లకు మాత్రం తన్ను పుట్టించినదెవరో పుట్టుకతో తెలియదు. సి++, జావా వంటి భాషలలో ఆ జ్ఞానం దానంతట అది రాదు. ఎవరైనా ఇస్తేనే వస్తుంది. కుమ్మరి ఆవం నుండి తీసిన కుండ సంతకు పోయిన తరువాత, అది చిల్లిపడినా కుమ్మరికి కబురు అందదు. ప్రోగ్రాములోని వస్తువులకు ఈ స్థితి సరిపోదు. పిల్ల వస్తువుకు అప్పగించిన పని ముగిసినప్పుడో, ఆపద వచ్చినప్పుడో తల్లికి తెలియజేయక తప్పదు.

ఈ ఆలోచనా విధానం పుట్టినది నార్వే దేశంలో. ఓస్లో నగరంలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్లో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1960లలో సిమ్యులా అనే భాషను రూపొందించారు. లోకంలో జరిగే వ్యవహారాలను కంప్యూటరులో అనుకరించి చూడడం వారి ఉద్దేశం. రేవుకు వచ్చే ఓడ, వరుసలో నిలబడిన గిరాకీ, యంత్రం ముందు పనివాడు, ఇట్లా ప్రతిదానికీ ప్రోగ్రాములో ఒక్కొక్క ప్రతినిధి కావలసి వచ్చింది. 1967 నాటి సిమ్యులాలో క్లాసు, ఆబ్జెక్టు అనే భావాలు స్పష్టమైన రూపం ధరించాయి. 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం వారిద్దరికీ కలిపి ఇచ్చారు. మరుసటి సంవత్సరమే, 2002లో, రెండు నెలల వ్యవధిలో ఇద్దరూ గతించారు. అమెరికాలో ఆలన్ కే అనే ఆయన, జీవశాస్త్రం కూడా చదివినవాడు, జీరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో స్మాల్‌టాక్ అనే భాషకు మూలపురుషుడయ్యాడు. వస్తువుల కన్నా వాటి నడుమ సాగే సందేశాలే ముఖ్యమని ఆయన తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. వస్తువుల పేర్లు, వాటి వంశవృక్షాలు పట్టుకొని గంటలు వాదించే నా వృత్తి సోదరులు ఈ మాటను ఇంకా కొంచెం ఎక్కువగా తలచుకొంటే బాగుంటుంది.

ఇక ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మన ఊరే నదుల సంగమం. వర్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి, 113 కిలోమీటర్లు ప్రవహించి, మన సిరొంచ వద్ద కాళేశ్వరానికి ఎదురుగా గోదావరిలో చేరుతుంది. ఇంకా దిగువన సోమనూరు వద్ద ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. ఈ నీరంతా భద్రాచలానికి పోతుంది. అక్కడ 43 అడుగుల వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగుల వద్ద రెండవది, 53 అడుగుల వద్ద మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ రోజులలో మన తాలూకా గ్రామాలు ఏ విధంగా నీట మునిగాయో ఈ సభలోని వారికి నేను చెప్పవలసిన పని లేదు. కేంద్ర జల సంఘం వారు నీటిమట్టం కొలిచే కేంద్రాలు ప్రాణహితపై మన తాలూకాలోని టేక్రా వద్ద, ఇంద్రావతిపై పాతగూడెం వద్ద నెలకొల్పారు. దేశంలో శాస్త్రీయమైన వరద సూచన 1958లో ఢిల్లీ వద్ద యమునానదిపై ఆరంభమైనది. వరద రోజులలో గంట గంటకు మట్టం చూసి వైర్‌లెస్ ద్వారా పైకి పంపడం ఆ శాఖలో చిరకాలంగా ఉన్న పద్ధతి.

దీనిని అనుకరించే ఒక ప్రోగ్రాము మనమే రాస్తున్నామనుకోండి. ఇది ఆ శాఖవారి ప్రోగ్రాము కాదు, మనం అభ్యాసానికి కల్పించుకొన్నది. అందులో వరద కేంద్రం అనే వస్తువు ఒకటి. అది లేవగానే మట్టం కొలిచే మూడు వస్తువులను పుట్టిస్తుంది. టేక్రా, కాళేశ్వరం, పాతగూడెం. మూడింటికీ అచ్చు ఒక్కటే, గేజి అనే క్లాసు. టేక్రా గేజి దగ్గర నీరు ప్రమాద రేఖ దాటింది. ఆ సంగతి తన్ను పుట్టించిన వరద కేంద్రానికి ఎట్లా చేరాలి?

మొదటి మార్గం, పిల్ల ఏమీ మాట్లాడదు. తల్లియే మాటిమాటికీ అడుగుతూ ఉంటుంది. దీనిని పోలింగు అంటారు, ఓట్ల పోలింగు కాదు. ఎండాకాలంలో ప్రాణహిత ఇసుక మేటలు వేసి, పిల్లకాలువలా పారుతున్న రోజులలో కూడా వరద కేంద్రం నిమిష నిమిషానికీ ఎంత వచ్చింది, ఎంత వచ్చింది అని అడుగుతుంది. అంత శ్రమా వృథా. అడిగే వ్యవధి పెంచితే శ్రమ తగ్గుతుంది, కానీ రెండు ప్రశ్నల నడుమ నీరు పొంగితే ఆలస్యంగా తెలుస్తుంది.

రెండవ మార్గమే నేను మొదట సులభమైన సమాధానం అన్నది. గేజిని పుట్టించేటప్పుడే వరద కేంద్రం తన్ను తాను దాని చేతిలో పెడుతుంది. నేనే నీ కర్తను, నా జాడ ఇది, నీరు పెరిగితే నేరుగా నన్ను పిలువు అంటుంది. ప్రోగ్రాములో ఇది ఒక్క పంక్తి పని. ఆ రోజుకు పని జరుగుతుంది, రాసినవానికి సంతోషం కలుగుతుంది. చిక్కులు తరువాత ఒక్కొక్కటిగా బయటపడతాయి.

గేజికి కావలసినది ఒకే ఒక్క పని, మట్టం తెలియజేయడం. కానీ దాని చేతికి వరద కేంద్రం సమస్తం వచ్చింది. వరద కేంద్రం చేయగల పనులన్నీ, ఇతర గేజీలను తొలగించడం, హెచ్చరికలు జారీ చేయడం, రికార్డు సవరించడం, ఇప్పుడు గేజి రాసేవానికి అందుబాటులో ఉన్నాయి. అందుబాటులో ఉన్నదానిని ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు వాడుతాడు. రెండు సంవత్సరాలు గడిచేసరికి గేజి క్లాసులో హెచ్చరికలు జారీ చేసే పంక్తులు కనబడతాయి. నీటి మట్టం కొలవవలసినది ఊళ్ళు ఖాళీ చేయించే నిర్ణయం చేస్తూ ఉంటుంది. పైగా గేజి క్లాసుకు వరద కేంద్రం తప్ప మరొక కర్త పనికిరాకుండా పోతుంది. రేపు ఒక చెరువు సంఘం వారు తమ తూము దగ్గర ఇదే గేజి పెట్టుకొంటామంటే, వరద కేంద్రాన్ని కూడా వెంట తీసుకొని పోవలసి వస్తుంది.

దీనికి పరిష్కారమేమిటో ప్రోగ్రామింగు పుస్తకాల కన్నా మన తాలూకా చరిత్రయే బాగా చెబుతుందని నా అభిప్రాయం. 1860లో నిజాము ప్రభుత్వం గోదావరి ఎడమగట్టు ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి అప్పగించినప్పుడు సిరొంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. మరుసటి సంవత్సరం నాగపూరు రాజధానిగా సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడగా మనం అందులో ఉన్నాము. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు పోయాయి, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. 1956లో మధ్యప్రదేశ్ నుండి బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు వచ్చాము. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రపూరు నుండి వేరుపడ్డాము. సిరొంచ నుండి గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం.

ఇన్ని మార్పులలో ఒక్క సంగతి గమనించండి. మన తహసీలు కచేరి నుండి పైకి పోయే నివేదిక ఎవరి పేరిట పోయింది? కలెక్టరు గారికి అని పోయింది. ఫలానా దొర గారికి అనో, ఫలానా ఊరిలోని ఫలానా భవనానికి అనో రాసే కట్టుబాటు ఉండి ఉంటే, బదిలీ అయిన ప్రతిసారీ, జిల్లా మారిన ప్రతిసారీ తహసీలు పద్ధతులన్నీ తిరగరాయవలసి వచ్చేది. నివేదిక అందుకొనేది ఒక హోదా. ఆ హోదాలో ఎవరున్నారో, ఏ ఊరిలో ఉన్నారో తహసీలుకు అక్కరలేదు. నివేదిక అందుకొని చదవగలవాడు ఒకడు ఉన్నాడన్నంత మాత్రం తెలిస్తే చాలు.

ప్రోగ్రాములో కూడా అంతే. గేజి క్లాసు రాసేటప్పుడు వరద కేంద్రం అనే మాటే రాయకూడదు. దానికి బదులు మట్టం వార్త వినగలది అనే ఒక హోదాను నిర్వచించాలి. ఆ హోదాకు ఒకే బాధ్యత, మట్టం మారింది అనే సందేశాన్ని అందుకోవడం. జావాలో దీనిని ఇంటర్‌ఫేస్ అంటారు. వరద కేంద్రం తాను ఆ హోదా వహించగలనని ఒప్పుకొంటుంది. గేజిని పుట్టించేటప్పుడు ఆ హోదాలో మాత్రమే దానికి పరిచయం అవుతుంది. చెరువు సంఘమూ అదే హోదా వహించవచ్చు. గేజిలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. గేజి తన కర్తతో మాట్లాడుతున్నది, కానీ తాను మాట్లాడుతున్నది కర్తతోనా, కర్త నియమించిన వేరొకరితోనా అన్నది దానికి తెలియదు. తెలియనవసరం లేదు. కర్త తలచుకొంటే వినే పనిని మరొక వస్తువుకు అప్పగించి తాను పక్కకు తప్పుకోవచ్చు.

ఈ వివేకం కంప్యూటరు లోకానికి ఒక్కరోజులో రాలేదు. నార్వే దేశస్థుడే అయిన ట్రిగ్వే రేన్స్‌కోగ్ 1979లో జీరాక్స్ పరిశోధనాలయంలో ఉండగా, తెరపై కనబడే చిత్రాన్నీ, దాని వెనుకనున్న సమాచారాన్నీ వేరుచేసే పద్ధతిని ప్రతిపాదించాడు. స్మాల్‌టాక్‌లో ఆ పద్ధతి స్థిరపడేసరికి సమాచార వస్తువు తన్ను చూస్తున్న చిత్రాలు ఏవో తెలుసుకోకుండానే, నేను మారాను అని మాత్రం ప్రకటించడం అలవాటయింది. 1994లో ఎరిక్ గామా మొదలైన నలుగురు రచయితలు ప్రోగ్రాము రచనా రీతులపై ప్రకటించిన గ్రంథంలో దీనికి అబ్జర్వర్, అనగా పరిశీలకుడు, అనే పేరు పెట్టారు.

జావా కథ మరింత ఆసక్తికరమైనది. 1996 జనవరిలో వెలువడిన మొదటి జావాలో, తెరమీది బొత్తామును నొక్కితే ఆ వార్త ముందు బొత్తాముకు, అది పట్టించుకోకపోతే దానిని తన ఒడిలో పెట్టుకొన్న చట్రానికి, అది కూడా పట్టించుకోకపోతే ఇంకా పైనున్న చట్రానికి, ఇట్లా మెట్లు ఎక్కుతూ పోయేది. ప్రతి వార్తా తల్లికే చేరాలనే ఏర్పాటు అది. కాగితం మీద ముచ్చటగా ఉన్నది. ఆచరణలో పై చట్రం దగ్గర అన్ని బొత్తాముల వార్తలూ కుప్పపడి, ఏది ఎవరి వార్తో విడదీయడానికే పెద్ద ప్రోగ్రాము రాయవలసి వచ్చింది. ఇంటి పెద్ద దగ్గరకు ఉప్పు పప్పు లెక్క నుండి పెళ్ళి సంబంధం దాకా ఒకే వరుసలో వస్తే ఆయన గతి ఏమవుతుందో ఊహించుకోండి. 1997 ఫిబ్రవరిలో వచ్చిన 1.1 రూపంలో ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఏ వార్త కావలసిన వారు ఆ వార్త కోసం బొత్తాము వద్ద పేరు నమోదు చేసుకొనే పద్ధతి పెట్టారు. వారికి శ్రోతలు అని పేరు. ఇంత పెద్ద భాషలో, వెలువడిన ఏడాదికే, ఇంత మౌలికమైన మార్పు చేయడానికి సాహసించినవారిని మెచ్చుకోవాలి.

ఇంతటితో చిక్కులు తీరలేదు. ఇక్కడి నుండి చెప్పబోయేది ఉపాధ్యాయులకు త్వరగా అర్థమవుతుంది. బడిలో డెడ్‌స్టాకు రిజిస్టరు ఉంటుంది. ఒక నియమం ఊహించండి. ఒక వస్తువు పేరు వేరే ఏ రికార్డులోనైనా కనబడుతున్నంత కాలం దానిని కొట్టివేయకూడదు. విరిగిన బెంచీ ఒకటి ఉన్నది; దాని పేరు పాత గది పట్టికలో ఉన్నది గనుక కొట్టివేయకూడదు. ఆ పాత గదిని కొట్టివేద్దామంటే దాని పేరు బెంచీ పత్రంలో ఉన్నది. గదిలో పిల్లలు లేరు, బెంచీ మీద కూర్చునేవారు లేరు. అయినా ఒకదానిని చూపి ఒకటి చిరకాలం రిజిస్టరులో బతుకుతాయి. తనిఖీకి వచ్చిన అధికారులకు ఇట్టి బెంచీలను చూపించిన అనుభవం కొందరికి ఉండవచ్చు.

కంప్యూటరు జ్ఞాపకశక్తి నిర్వహణలో ఒక పద్ధతి సరిగ్గా ఇదే. ఒక వస్తువును ఎందరు పట్టుకొని ఉన్నారో లెక్క పెట్టి, లెక్క సున్నా అయినప్పుడే దానిని తొలగిస్తారు. తల్లి పిల్లను పట్టుకొని ఉన్నది. పిల్ల చేతిలో తల్లి జాడ ఉన్నది. లోకంలో మరెవరికీ వాటి అవసరం తీరిపోయినా ఇద్దరి లెక్కా ఒకటి దగ్గరే ఆగుతుంది. రోజుకు వందలసార్లు ఇట్లా జరిగితే జ్ఞాపకశక్తి నిండిపోయి యంత్రం మొరాయిస్తుంది. 1990ల చివరి భాగంలో విజువల్ బేసిక్‌తో కచేరీలకు ప్రోగ్రాములు రాసినవారికి ఈ చిక్కు బాగా పరిచయం. జావా వంటి భాషలు ఎవరికీ అందుబాటులో లేని గుంపును మొత్తంగా గుర్తించి ఏరివేయగలవు గనుక అక్కడ ఈ బాధ తక్కువ. లెక్క పద్ధతి పాటించే భాషలలో మాత్రం ఒక కట్టుబాటు ఏర్పడింది. తల్లి పిల్లను గట్టిగా పట్టుకొంటుంది; పిల్ల తల్లిని వదులుగా పట్టుకొంటుంది. ఆ వదులు పట్టు లెక్కలోనికి రాదు. యాపిల్ సంస్థ 2014లో ప్రకటించిన స్విఫ్ట్ భాషలో వదులు పట్టుకు ప్రత్యేకమైన మాటే ఉన్నది. తల్లి వెళ్ళిపోయిన తరువాత పిల్ల పిలిస్తే ఆ స్థానంలో ఎవరూ లేరని తెలుస్తుంది, ప్రోగ్రాము కూలిపోదు. పిల్ల పలకడానికి ముందు వినేవారు ఉన్నారా అని ఒకసారి చూసుకోవాలి, అంతే.

మరొక సూక్ష్మం ఉన్నది, త్వరగా చెప్పి ముందుకు పోతాను. వరద కేంద్రం తాను ఇంకా పూర్తిగా రూపొందకముందే, తన నిర్మాణం నడుమలోనే, గేజిలను పుట్టించి తన జాడ ఇస్తే, పుట్టీపుట్టగానే గేజి ఒక వార్త పంపవచ్చు. అందుకొనవలసిన పుస్తకం అప్పటికి తెరవనే లేదు. అందుచేత కర్త తాను సిద్ధమైన తరువాతనే పిల్లలకు మాట్లాడే అనుమతి ఇవ్వాలి.

ఇంతవరకు ఎట్లా మాట్లాడాలో చూశాము. ఏమి మాట్లాడాలన్నది కూడా ఉన్నది. గేజి పంపే సందేశం, మట్టం ఇంత అయింది అని ఉండాలి. ఫలానా ఊరు ఖాళీ చేయించండి అని ఉండకూడదు. టేక్రా గేజికి తెలిసినది ప్రాణహిత ఒక్కటే. గోదావరిలో పైనుండి ఎంత వస్తున్నదో, ఇంద్రావతి ఎంత తెస్తున్నదో దానికి తెలియదు. మూడింటినీ కలిపి చూడగలిగినది కర్త ఒక్కటే. పిల్ల చూసినది చెబుతుంది. నిర్ణయం మూడు వార్తలూ విన్నవారిది. ప్రోగ్రాములలో ఈ గీత చెరిపివేయడం నేను చాలా చోట్ల చూశాను. తొందరలో చెరుపుతారు, తరువాత ఎవరికీ గీయడానికి తీరిక దొరకదు.

ఇక ముఖ్యమైన విషయం. మార్పు వచ్చినప్పుడే పిల్ల మాట్లాడుతుందని ఏర్పాటు చేశాము. అయితే పిల్ల మాట్లాడకపోతే అర్థమేమి? నీరు నిలకడగా ఉన్నదని అర్థం కావచ్చు. గేజియే కొట్టుకుపోయిందని కూడా అర్థం కావచ్చు. రెండు సందర్భాలలోనూ వరద కేంద్రానికి వినబడేది ఒక్కటే, నిశ్శబ్దం. వరద ఉద్ధృతంగా ఉన్న రాత్రియే తీగ తెగడానికి, గేజి మునగడానికి ఎక్కువ అవకాశం గనుక, సరిగ్గా మాట అవసరమైన వేళకే ఈ సందేహం వస్తుంది. ఈ కారణం చేతనే పోలింగును ఇందాక నేను విమర్శించినా పూర్తిగా తోసిపుచ్చను. నీరు పెరిగినా పెరగకున్నా గంటకొకసారి పైకి చెప్పే ఆ పాత వైర్‌లెస్ పద్ధతిలో, మట్టం తెలియడం ఒక ప్రయోజనమైతే, చెప్పేవాడు క్షేమంగా ఉన్నాడని తెలియడం రెండవ ప్రయోజనం. నేటి ప్రోగ్రాములలో దీనిని గుండె చప్పుడు అంటారు. పిల్ల వస్తువు నియమిత కాలానికి ఒకసారి, ఉన్నాను, అని ఒక చిన్న సందేశం పంపుతుంది. రావలసిన వేళకు అది రాకపోతే కర్త వెంటనే తన వైపు నుండి విచారించాలి. మార్పు వార్త వెంటనే, క్షేమ వార్త వేళకు. రెండూ ఉంటేనే ఏర్పాటు పూర్తి అయినట్లు. 2022 జులై వంటి రాత్రి దిగువనున్న వాడకు ఎన్ని గంటల ముందు కబురు అందుతుందన్నది ఇట్టి చిన్న నిర్ణయాలపై ఆధారపడుతుంది.

కట్టడాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. మన పోచంపల్లికి ఎదురుగా, 85 గేట్లతో నిర్మించి 2019 జూన్‌లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకులో పిల్లర్లు కుంగాయి. దాని కారణాలను విచారించడం ఇంజనీర్ల పని, నా పని కాదు. ఆనకట్టల వంటి పెద్ద నిర్మాణాలలో లోపలి నీటి ఒత్తిడిని, కదలికను కొలిచే పరికరాలు అమర్చే విద్య లోకంలో చిరకాలంగా ఉన్నదని మాత్రం చెబుతాను. కట్టినది కట్టినవారితో మాట్లాడడానికి ఏర్పరచిన మార్గాలవి. అమర్చడంతో పని తీరదు. అవి చెప్పినది ఏ హోదా వారు, ఏ వేళకు వినాలో కూడా ముందే రాసి ఉండాలి.

ఇదంతా తెలుగులో చెప్పడానికి వీలవుతుందా అని కొందరు పెద్దలు సభకు ముందు సందేహించారు. హోదా, జాడ, వదులు పట్టు, గుండె చప్పుడు, ఇవేవీ నేను నిఘంటువులు వెదికి తెచ్చిన మాటలు కావు. ఈ వీథులలో వినబడేవే. కంప్యూటరుకు రాసే భాషలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, అది నిజమే. ఆలోచన మాత్రం ఏ భాషలో పెరిగినవాడు ఆ భాషలోనే చేస్తాడు. ఈ బడిలో తెలుగులో చదివి, ఇంటి బయట మరాఠీ మాట్లాడి, పై చదువులకు ఇంగ్లీషులోనికి పోయే మన పిల్లలకు ఒకే వస్తువును మూడు పేర్లతో పిలవడం చిన్ననాటి నుండి అలవాటే. హోదా వేరు, ఆ హోదా వహించినది వేరు అనే సంగతి వారికి ఇతరుల కన్నా త్వరగా బోధపడుతుందని నా నమ్మకం.

తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు ఒక లెక్క ఇచ్చి ముగిస్తాను. దీనికి కంప్యూటరు అక్కరలేదు, కాగితం చాలు. వరద కేంద్రం మూడు గేజిలకూ ఒకే హోదాలో పరిచయమైంది. అర్ధరాత్రి ఒక సందేశం వచ్చింది: మట్టం మారింది. అది టేక్రా నుండి వచ్చిందా, పాతగూడెం నుండి వచ్చిందా? వరద కేంద్రానికి తెలిసే ఏర్పాటు మీరు చేయాలి. గేజి తన పేరు మాత్రం సందేశంతో పంపాలా? తన్ను తానే పంపాలా? తన్ను తానే పంపితే, ఇందాక కర్తను గేజి చేతిలో పెట్టినప్పుడు వచ్చిన చిక్కులలో ఏవి తిరిగి వస్తాయి, ఏవి రావు? మూడు గేజిలకు ముగ్గురు వేర్వేరు శ్రోతలను పెడితే ఏమవుతుంది, రేపు నాలుగవ గేజి పెరూరులో పెడితే ఏమవుతుంది? రెండు పుటలకు మించకుండా రాసి మీ గణితం సారుకు చూపించండి. సారు ఒప్పుకొంటే వాటిని తెప్పించుకొని చదువుతాను.